కింది మడికి వదిలిన నీళ్ళు

నా చిన్నప్పుడే మా కొత్తపేట వైపు చేలల్లోకి కలుపు మందు వచ్చింది. అంతకు ముందు కలుపంటే ఆడవాళ్ళు వరసగా వంగి, నడుములు పడిపోయేలా తీయవలసిందే. ఆ ఏడు మా తాతయ్య నారు నాటి ఊడ్పు అయిన నాలుగో రోజున మందు గుళికలు ఇసుకలో కలిపి చేనంతా చల్లారు. మూడు రోజులు నీళ్ళు కదలకూడదని మందుల కొట్టతను చెప్పాడట. నీళ్ళు పోతే మందు పనిచేయదు కాబోలని తాతయ్య అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. ఆ వయసులో నాకు తెలియనిదంటూ ఉండేది కాదు లెండి.

మా చేనుకి దిగువనే పక్కింటి అక్క కౌలుకి తీసుకున్న అరెకరం ఉండేది. భర్త పోయాక ఆవిడకి అదే ఆధారం. అందరికన్నా ఆలస్యంగా, మొలక కట్టిన విత్తనాలు నారు పెంచే ఆకుమడిలో చల్లుకుంది. కాలువ నీళ్ళ వంతు ఇంకా రాలేదు. ఎగువ చేనువాళ్ళని దిగువవాళ్ళు నీళ్ళడిగితే కాదనే అలవాటు మా వైపు లేదు. మందు చల్లిన మరునాడు పొద్దున్నే వచ్చి, "బాబాయ్ గారూ, ఆకుమడి ఎండిపోతోందండీ, కాసిని నీళ్ళు ఒదులుతారా?" అని అడిగింది. తాతయ్య పార పట్టుకుని వెళ్ళి గట్టుకున్న మడవ తెరిచారు. పోతే తన మందే కదా పోయేది, ఇంకోసారి చల్లుకోవచ్చు అన్నారు.

నాలుగు రోజుల తర్వాత ఆ ఆకుమడి చూడ్డానికి తాతయ్యతో నేనూ వెళ్ళాను. మొలకలు పాలిపోయి, చుట్టుకుపోయి బురదలో పడి ఉన్నాయి. విత్తనం సరిగ్గా మొలక కట్టలేకపోయానని అక్క గట్టు మీద కూర్చుని తనని తానే తిట్టుకుంటోంది. తాతయ్య మడి చుట్టూ ఒకసారి తిరిగారు. నీళ్ళెక్కని మెరక మూల మాత్రం మొలకలు పచ్చగా ఉన్నాయి. అక్కడ చాలాసేపు నిలబడి మా మడవ వైపు చూశారు.

ఇంటికి వస్తూ, మన మందే నీళ్ళతో దిగింది, నాటిన పైరుని ఏం చేయదు గానీ లేత మొలకని కలుపులాగే చంపేసిందని నాతో అన్నారు. నేను ఊరుకున్నానా? "ఆవిడకి తెలీదు కదా తాతయ్యా, మనం చెప్పకపోతే సరి" అన్నాను. పైగా తెలివైన మాట అన్నానని నా గొప్ప. తాతయ్య తిట్టలేదు. "ఆ పిల్ల తన చెయ్యే మంచిది కాదనుకుంటోందమ్మా" అని మాత్రం అని, గుమ్మం దాకా వచ్చినవారు వెనక్కి తిరిగారు. నన్నూ రమ్మన్నారు.

అక్క ముందు నిలబడి, కండువా కొస నలుపుతూ చెప్పారు. "అమ్మాయ్, తప్పు నీ విత్తనానిది కాదు. మందు చల్లిన నీళ్ళు నీకు ఒదిలేను. తెలియక చేసేను." అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత, "ముందే చెప్పుంటే వంతు వచ్చేదాకా ఆగేదాన్ని కదండీ" అంది. "ఆయ్, నిజమే" అని తాతయ్య తలొంచుకున్నారు. ఎదురొస్తే ఊళ్ళో అందరూ లేచి నిలబడే మా తాతయ్య అలా నిలబడితే నాకు ఏడుపొచ్చింది.

ఇంకో చెక్క పొలం ఊడ్చడానికి ఉంచుకున్న మా ఆకు, ఆ నారంతా తీయించి ఆవిడ చేనుకి పంపారు. మా చెక్క ఆ సార్వా పంటకాలమంతా బీడుగానే ఉండిపోయింది. చూసినవాళ్ళు చాదస్తం అన్నారు. మా నాన్నమ్మ రెండు రోజులు మూతి ముడుచుకుంది.

ఇప్పుడు ఆ చేను నేనే చేయిస్తున్నాను. మందులు ఎక్కువయ్యాయి. వానొస్తే ఎవరి చేలోది ఎవరి మడిలోకి, ఏ మురుగు కాలువలోకి పోతోందో అడిగేవాళ్ళు తక్కువ. నేను మాత్రం చల్లించే ముందు కింది చేనువాళ్ళకి చెప్పి వస్తాను, గట్లు తిరిగి చూసుకుంటాను. అయినా పోయిన ఏడు, మందు చల్లిన సాయంత్రమే కుండపోతగా వాన పడి గట్టు తెగింది. ఎవరూ చూడలేదు. గొడుగు వేసుకుని కింది చేనువాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలో నిలబడి, గొడుగు మడుస్తూ విప్పుతూ, మా మందు నీళ్ళు మీ చేలోకి దిగాయని చెప్పాను. ఆ రోజు తాతయ్యకి ఎంత కష్టమయిందో అప్పుడు గానీ నాకు తెలియలేదు.