దక్షిణామూర్తిగారి మతిమరుపు

దక్షిణామూర్తిగారు ఈమధ్య ఎవరింటికి వెళ్ళినా ఏదో ఒకటి మర్చిపోకుండా తిరిగి రాలేరు. ఆయన వెళ్ళిపోగానే కూర్చున్న చోట ఓసారి తడిమి చూడడం అశోక్‌నగర్‌లోని ఆ వీధిలో అలవాటైపోయింది.

ఈ మతిమరుపు వల్ల నలిగిపోయింది మాత్రం పక్కింటి బాలకిషన్‌గారు. బస్సుల్లో ప్రయాణికులు వదిలేసిన సామాన్లు చూసుకునే గుమాస్తాగా డిపోలో పనిచేసి రిటైరయ్యారాయన. పరాయి వస్తువు తన దగ్గర ఉంటే ఇప్పటికీ అన్నం సహించదు. మోకాలి ఆపరేషన్ అయ్యాక మాత్రం కుర్చీకి అతుక్కుపోయారు. నడవకపోతే కాలు కట్టెలా బిగుసుకుపోతుందని డాక్టరు గట్టిగానే చెప్పాడు. "రేపటి సంది నడుస్త," అనేవారు రోజూ. రేపొస్తే ఎండనో, కుక్కలనో సాకు చెప్పేవారు. పడిపోతానని భయం. ఆ మాట పైకి చెప్పడానికి నామోషీ.

ఒకరోజు ఆయన్ని చూసి పోదామని వచ్చిన దక్షిణామూర్తిగారు కళ్ళజోడు మర్చిపోయారు.

"జయా! గీయన కండ్లద్దాలు ఇడిసిపెట్టి పోయిండు. జర ఇచ్చి రా," అన్నారు బాలకిషన్‌గారు భార్యతో.

"పొయ్యి మీద పప్పుంది. మీరే పోండ్రి," అన్నారు జయశ్రీగారు.

గొణుక్కుంటూ, గోడ పట్టుకుంటూ బాలకిషన్‌గారు గేటు దాకా వెళ్ళారు. దక్షిణామూర్తిగారు ఇంకా అక్కడే నిలబడి దిక్కులు చూస్తున్నారు.

"అయ్యో, నా మతి మండా! మీకు శ్రమ ఇచ్చానండీ!"

ఆ తర్వాత గొడుగు మర్చిపోయి వీధి చివర దొరికారు. ఇంకోసారి బీపీ మాత్రలు వదిలేసి లైబ్రరీ నుంచి ఫోన్ చేశారు. "మీరేం రాకండి. కళ్ళు కాస్త తిరుగుతున్నాయంతే. పేపరు చదువుకుంటూ సర్దుకుంటాను."

"మందులు గూడ మర్చిపోతరా ఎవరన్న! పరేషాన్ జేస్తున్నడీ మనిషి!" అని తిట్టుకుంటూనే బాలకిషన్‌గారు చెప్పులు వేసుకున్నారు.

ఒక రోజు దక్షిణామూర్తిగారు వచ్చి వెళ్ళాక సోఫా మీద జేబురుమాలు మూట కనబడింది. విప్పి చూస్తే కట్టుడు పళ్ళు!

"నారాయణగూడల పెండ్లి భోజనానికి పోయిండు కదనే! పండ్లు లేకుంట ఏం తింటడు?" అని లబలబలాడారు బాలకిషన్‌గారు.

గబగబా బయల్దేరారు. చిక్కడపల్లిలో ఆటోలన్నీ కదలకుండా నిలిచిపోయాయి. ట్రాఫిక్ తగ్గేసరికి పంక్తి లేచిపోతుందని నడుస్తూనే పోయారు. మధ్యలో ఓ కొట్టు మెట్ల మీద కూర్చుని, లేచి, చెమటలు కక్కుతూ హాల్లోకి అడుగుపెట్టారు.

దక్షిణామూర్తిగారు అప్పడం కరకరా నములుతున్నారు.

"గదేంది! మరి ఈ పండ్లెవరివి?"

"నావేనండీ. పాతవి. వదులైపోయాయి."

పక్కనే కూర్చున్న ఆయన భార్య బుల్లెమ్మగారు ఇక ఆగలేకపోయారు. "మా ఆయన మర్చిపోవడమా అన్నయ్యగారూ? పెళ్ళయిన కొత్తలో నేను మాడ్చిన ఉప్మాని ఇప్పటికీ దెప్పుతారు!"

"నడవమని అందరూ చెప్పారు, మీరు నడిచారా?" అన్నారు దక్షిణామూర్తిగారు, అప్పడం కింద పెట్టి. "వస్తువు అప్పజెప్పడానికైతే మీ కాళ్ళే లేస్తాయి. ప్రతిసారీ మీరు ఎంత దూరం రాగలరో అంచనా వేసి, అక్కడ కాచుకునేవాణ్ణి. వీధిలో అందరి దగ్గరా మర్చిపోతుంటే గానీ నా మతిమరుపు మీరు నమ్మరు కదా!"

బాలకిషన్‌గారికి ముందు ఒళ్ళు మండింది. తర్వాత గుమ్మం వైపు తిరిగి, వచ్చిన దారి చూసుకున్నారు. ఇంత దూరం తన కాళ్ళే తెచ్చాయని పట్టరాని సంతోషం వేసింది. ఎదుటి మనిషి మీద అంతకంటే ఎక్కువ ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ రెండూ చెప్పడం చేతకాక కుర్చీ లాక్కుని విస్తరి ముందు కూర్చున్నారు.

"ఇగ అంచనాలు మీరు వెయ్యకుండ్రి. యాడిదాక నడవాల్నో నేనే చెప్త. వచ్చే ఐతారం కోఠి."

"ఆదివారం కోఠి దాకానా? చాలా దూరం కదండీ!"

"అందుకే, జర ఖరీదైంది మర్చిపోండ్రి."