గుట్ట మీది దొంగ వాన

మెదక్‌లో ఒక్క మనిషిని తప్ప ఎవరినీ నమ్మని ఎండాకాలం ఒకటి నా జీవితంలో ఉంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఇంకా ఎంతో కాలం కాలేదు, నాకు మీసాలు వచ్చి అంతకన్నా తక్కువ కాలమైంది. కచేరీలో తాత్కాలిక ఉద్యోగం దొరికింది. రోజూ పొద్దున్నే ఖిల్లా గుట్ట ఎక్కి, కొస మీద గరాటు మూతితో నిలబెట్టిన వానకొలత డబ్బా విప్పి నీళ్లు కొలిచి పారబోయాలి. గాలీ మబ్బూ చూసుకుని దిగొచ్చి, కచేరీ అరుగు మీది నల్లబల్లపై ‘గుట్ట మీద నేడు, రేపు’ అని రాయాలి. (నేటి సంగతి డబ్బా చెప్పేది. రేపటి సంగతి నేనే చెప్పేవాణ్ణి. అందుకు తగ్గ చదువు ఉందా అని ఎవరూ అడగలేదు.) పాపన్నపేట, కౌడిపల్లి రైతులు ఆ బల్ల ముందు నిలబడి చదివించుకుంటుంటే నా ఛాతీ ఉబ్బిపోయేది.

నడి ఎండల్లో డబ్బాలో నీళ్లు కనిపించడం మొదలైంది. ఊళ్లో చుక్క లేదు, గుట్ట మీద మాత్రం రోజూ వాన. ఉన్నది ఉన్నట్టు రాశాను. రైతులు నవ్వుకుంటూ పోయారు గానీ పెద్ద సారు నవ్వలేదు. నేను గుట్టే ఎక్కకుండా ఇంట్లో మంచం మీద కూర్చుని వానలు కురిపిస్తున్నానని ఆయన అనుమానం.

“ఇంకోపారి దొంగ వాన రాస్తే నీ జాగల ఇంకోడుంటడు” అన్నారు.

మా ఇల్లు గడిచేది నా జీతం మీదే. దాంతో నేను ఊరందరినీ అనుమానించాను. నా కుర్చీలో తన బావమరిదిని కూర్చోబెట్టాలని చూస్తున్న ఛాయ్ హోటలాయన మీద మొదటి అనుమానం. తర్వాత నా తోటి గుమాస్తా, ఆ తర్వాత గుట్ట కింద మేకలు కాసే ముసలమ్మ. చివరికి ఒక కోతి నన్ను చూసి మొహం తిప్పుకుంటే, దానికీ ఇందులో వాటా ఉందనుకున్నాను.

నేను నమ్మింది మా గల్లీలో బట్టలు కుట్టే చాచాను ఒక్కణ్ణే. ఆయన రోజూ నాకంటే ముందే గుట్ట ఎక్కి దిగేవాడు. సర్కారు మిషన్లో ఎవడో నీళ్లు పోస్తున్నాడని నా గోడు వెళ్లబోసుకుంటే, నాకంటే ఎక్కువగా మండిపడ్డాడు. వాణ్ణి పట్టుకోవాల్సిందేనని, మరునాడు కాపలాకు తానూ వస్తానన్నాడు.

చీకటి విడవకముందే ఇద్దరం బండ చాటున నక్కాం. హోటలాయన రాలేదు, గుమాస్తా రాలేదు, కోతి కూడా రాలేదు. తెల్లగా తెల్లారాక చాచా “జర ఆగు బేటా” అంటూ లేచాడు. నమాజుకు ముందు వజూ కోసం తెచ్చుకున్నాడనుకున్న బద్నా చెంబు చేతబట్టుకుని తిన్నగా డబ్బా దగ్గరికి నడిచి, గరాటులోకి తాపీగా నీళ్లు వంచాడు.

నేను బండ చాటు నుంచి లేచాను. “చాచా, ఏం జేస్తున్నరు?”

“పిట్టలకు బేటా. సర్కారోళ్లు గిన్నె పెట్టిండ్రు, నీళ్లు మరిచిండ్రు.” తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “గని నాకో శక్ ఉన్నది. ఎన్ని పోసినా తెల్లారి గిన్నె ఖాళీనే. ఎవడో ఎత్తుకపోతుండు.”

అంటే ఇన్నాళ్లూ ఆయన వెతుకుతున్న దొంగను నేను! మిషనంటే ఆయన లెక్కలో చక్రం తిరగాలి, చప్పుడు రావాలి. ఈ గరాటు మిషనని ఆయనకు తట్టనే లేదు.

పెద్ద సారు ముందు చాచా స్వయంగా నిలబడి సంగతంతా చెప్పాడు. సారు రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చెమట తుడుచుకున్నారు. నా ఉద్యోగం నిలిచింది. డబ్బా పక్కన పిట్టలకు ఒక మట్టి మూకుడు వెలిసింది.

ఆ ఏడు తొలకరి గుట్ట మీదే నన్ను నిలువునా తడిపింది. డబ్బా నిండింది. అయినా బల్ల మీద రాయడానికి నాకు చెయ్యి రాలేదు. నీళ్లోడుతూ చాచా దుకాణం ముందు నిలబడ్డాను. నేను అడగకముందే ఆయన సూది పక్కన పెట్టాడు.

“ఖసం బేటా, ఇయ్యాల నేను పొయ్యలే.”

ఆ ఒట్టు విన్నాక వెళ్లి వాన అని రాశాను.

చాచా పోయి చాలా ఏళ్లయింది. రేపటి వాన సంగతి ఇప్పుడు ఫోనే చెబుతుంది. నేను మాత్రం తొలకరిలో తడుస్తూ కూడా ఒకసారి గుట్ట వైపు చూస్తాను. ఆయన ఉంటే బాగుండును, అడిగి రూఢి చేసుకునేవాణ్ణి.