వాచీ చూసుకున్నాయన

దోహాలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసే నిత్యానందానికి తొంభై రెండులో అమెరికా ఎన్నికల పిచ్చి పట్టుకుంది. శుక్రవారం సెలవునాడు ఇంట్లో ప్రార్థన కూడిక కాగానే, చెవి వెనకాల పెన్సిలు తీసి మోకాలి మీద కొడుతూ, అధ్యక్ష పదవికి పోటీపడుతున్న ఇద్దరి ఎత్తుగడలూ స్నేహితులకు బేరీజు వేసి చెప్పేవాడు. "కుర్రాడు బస్సెక్కి జనం గోడు వింటున్నాడు. గద్దె మీదున్న పెద్దాయనేమో గల్ఫ్ యుద్ధం గెలిచానన్న పాటే పాడుతున్నాడు. పైగా డిబేట్‌లో ఒకావిడ కష్టాల గురించి అడుగుతుంటే వాచీ చూసుకున్నాడు. అక్కడే మునిగాడు!" టీలు అందిస్తూ భార్య సుకుమారి ఆ మాట మూడు వారాలు వింది.

ఫలితాల రోజు పొద్దున్నే ఆమె ఆస్పత్రిలో నైట్ డ్యూటీ దిగి వచ్చింది. చెప్పులైనా విప్పకుండా, "ఏవండీ, నన్ను తీసేస్తున్నారట. ఈ నెలాఖరుదాకేనట డ్యూటీ," అంది.

నిత్యానందం వాచీ చూసుకున్నాడు. సుకుమారి ఆ చేతివంకే చూస్తూ నిలబడింది. "ఉండవే, వార్తల టైమైంది," అంటూ అతను రేడియో గొంతు పెంచాడు. కాసేపటికి మొహం వెలిగిపోతూ ఆమె వైపు తిరిగాడు.

"నేను చెప్పలా? ఓడిపోయాడు!"