వేట ఆగిన నెలల్లో బీరు

మా ఇంట్లో క్యాలెండరు ఉండేదిగానీ, నెలలు నాకు మా వైన్ షాపు అమ్మకాలను బట్టే తెలిసేవి. కార్తీకంలో ఊళ్లో సగం మంది అయ్యప్ప మాల వేసుకునేవారు, షాపులో ఈగలు తోలుకోవడమే. అప్పుడైనా మా ఆయన ఇంట్లో ఉంటారనుకుంటే, ఆయనా మాల వేసుకుని స్వాములతో భిక్షకి వెళ్లేవారు! కోతల కూలి జనం చేతుల్లో పడ్డాక షాపు నిండిపోయి, ఇక ఆయన ఇంట్లో కనపడరు. గుడివాడలో పుట్టి పెరిగిన మనిషి, వాటాకొచ్చిన పొలం అమ్మి మరీ కోడూరు దగ్గర ఆ షాపు తీసుకున్నారు. రెండు వేల సంవత్సరం తర్వాతి మాట. నాకు కొత్త కాపురం. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఒక్కపూట తినాలని నా ఆశ. అంతకుమించి నేనేం అడిగాను కనుక!

తొలి మార్చిలో ఆయన హడావుడి చూడాలి. "గుడివాడలో ఎండాకాలం బీరుకి కొట్టుకు చస్తారు. సర్కారు డిపోలో ఇప్పుడే ఎత్తకపోతే తర్వాత ఏడ్చినా దొరకదు" అంటూ లారీ మీద లారీ దింపించారు. వెనక గదిలో పెట్టెలు పైకప్పుకి తగిలాయి.

ఏప్రిల్ సగంలో, చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు సముద్రంలో వేట ఆపేసింది. ఏటా ఆపేదే. హంసలదీవి వైపు పడవలన్నీ ఒడ్డుకెక్కాయి. పొలం పనుల్లేని ఎండాకాలం మా షాపుకొచ్చేదంతా ఆ వేటకెళ్లేవాళ్లే. గుడివాడ మనిషికి ఎండ తెలుసుగానీ సముద్రం ఏం తెలుసు? నిప్పులు చెరిగే ఎండ, ఫ్రిజ్ నిండా చల్లటి బీరు, కొనే నాథుడు లేడు. "మమ్మల్నొక మాట అడిగితే చెప్పేవోళ్లం గదండీ" అని దారినపోయే ప్రతివాడూ నవ్వడమే.

ఆయన సీసా తిప్పి తయారైన నెల చూసుకునేవారు. ఆర్నెల్లు దాటితే పారబోయడమే. అమ్మడానికి ఇంకో పొలం లేదు. నాకూ గుండెల్లో రాయి పడింది. కానీ అబద్ధమెందుకు, లోపల్లోపల సంతోషంగానూ ఉంది. రోజూ ఒంటిగంటకల్లా ఇంటికొచ్చేసేవారు. మామిడికాయ పప్పు, మజ్జిగ, ఆ తర్వాత ముంజలు. చాప మీద పడుకుని గుడివాడ కబుర్లు చెబుతూ నవ్వేవారు. ఆయన అంత బాగా నవ్వుతారని నాకప్పుడే తెలిసింది.

జూన్‌లో పడవలు కదిలాయి. మొదటి వేట ఒడ్డుకు చేరిన రోజు ఆయన పప్పన్నం కలుపుతుండగా ఫోన్ మోగింది. "జనం విరగబడ్డారండీ, తొందరగా రండి!" సేల్స్‌మన్ కేకలు నాక్కూడా వినపడ్డాయి. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తారు. కొద్దిరోజుల్లోనే గది ఖాళీ అయింది. గండం గడిచిందని గుళ్లో కొబ్బరికాయ కొట్టాను. ఇంటికొచ్చి ఒక్కదాన్నే అన్నం వడ్డించుకుంటుంటే ఏడుపొచ్చింది.

మళ్లీ మార్చి వచ్చింది. ఆయన డిపోకి బయల్దేరుతుంటే, "ఈసారి తగ్గించి తెప్పించండి" అన్నాను.

"సగం కూడా తేను" అని గుమ్మం దాటబోయి ఆగారు. "వేట ఆగిన నెలల్లో మధ్యాహ్నం షాపు కట్టేస్తా. మిగతా ఏడాదంతా ఒక్కదానివే తింటున్నావు."