నీళ్లు కొట్టిన సారు

నన్నెవరన్న మంచి డ్రాయింగ్ సారంటే, నకిరేకల్ బడిల ఊడ్చే ఆయమ్మ యాదికొస్తది.

ఒకసారి పదో తరగతి పిల్లల వీడ్కోలుకు చేత్తోని రంగుల కార్డులు చేస్తనని గొప్పలకు పోయిన. ఆన్‌లైన్‌ల వాటర్‌కలర్ పొడి తెప్పిచ్చిన. అట్ట మీద గుప్పెడు చల్లి, స్ప్రే సీసతోని నీళ్లు కొట్టి, కుంచెతోని రుద్దిన. రంగులన్నీ కలిసి పేడనీళ్ల లెక్క అయినయి. ఇరవై అట్టలు ఖరాబు చేసినంక, పొడే మంచిది కాదని తేల్చిన.

ఊడ్వనీకి వచ్చిన ఆయమ్మ చీపురు పక్కకు పెట్టి, ఒక కొత్త అట్ట మీద రెండు చిటికెల పొడి రాల్చింది.

"ఇగ నీళ్లు కొట్టుండ్రి సారూ."

సీసతోని కొట్టిన. నా చెయ్యి కుంచె దిక్కు పోంగనే, ఆమె దాన్ని తీసి బొడ్ల చెక్కుకున్నది.

"జర ముట్టకుండ్రి. దాన్ని పారనియ్యుండ్రి."

రెండు చేతులు ఎనకకు కట్టుకొని నిలబడ్డది. నీలం మెల్లగ పారి గులాబిల కలిసింది. గట్లనే కార్డులన్నీ ఆమెనే చేసింది.

వీడ్కోలు నాడు పెద్దసారు మైకుల నన్ను పొగుడుతుంటే తల ఊపుకుంట కూసున్న. ఆయన ఊకోక, "పిల్లలకు ఒకటి చేసి చూపెట్టుండ్రి" అన్నడు. మూలకున్న ఆయమ్మను పిలిచి, కార్డులన్నీ ఆమెనే చేసిందని అందరి ముంగట ఒప్పుకున్న.

"మరి మీరేం చేసిండ్రు సార్?" అని పెద్దసారు నవ్విండు.

నేను నోరు తెరవకముందే ఆయమ్మ అందుకున్నది.

"నీళ్లు సారే కొట్టిండు. గదే అసలు పని."

పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు. గా చప్పట్లకు గూడ లేచి దండం పెట్టింది నేనే.