ఇరవై ఎనిమిదో దెబ్బకు కలుస్తాది

మా ఏడుకొండలు ప్రపంచాన్ని ఏడేసి దెబ్బలుగా కొడతాడు. బల్ల దొరికితే బల్ల మీద, బల్ల లేకపోతే తొడ మీద, తన తొడ మీద సంచి ఉంటే పక్కవాడి తొడ మీద. ఏడు దెబ్బలు, తలతో ఒక చిన్న ఊపు, మళ్ళీ ఏడు. పెళ్ళి బ్యాండు నాలుగులో మోగుతున్నా, బస్సు వైపరు రెండులో ఊగుతున్నా వాడికి పట్టదు. "అది నాలుగులో పోతుంటే నువ్వు ఏడు కొడతావేందిరా?" అని ఎవరైనా అడిగితే కళ్ళు సగం మూసి, "ఆగన్నా, ఇరవై ఎనిమిదో దెబ్బకు కలుస్తాది" అంటాడు. అడిగినవాడు అప్పటిదాకా ఆగడు కాబట్టి వాడి మాట ఇంతవరకూ అబద్ధం కాలేదు.

ఈ జబ్బు మాకు తెచ్చిపెట్టింది మా చెల్లెలు ఫెబీ. మార్కాపురంలో డిగ్రీ చదివేటప్పుడు ఎక్కడో విని, ఇంటికొచ్చి ఫోన్లో పెట్టింది. మెటల్ సంగీతంలో అదొక శాఖ. గిటారు లావు తీగల మీద అరచెయ్యి ఆనించి గట్టిగా కొడితే "జెంట్" మని ఒక మొద్దు చప్పుడొస్తుంది. ఆ చప్పుడే ఆ శాఖకు పేరైంది. డ్రమ్ము బుద్ధిగా నాలుగులో నడుస్తుంటే గిటారు ఏడులోనో పదకొండులోనో దారి తప్పినట్టు తిరిగి తిరిగి, ఎక్కడో దూరాన మళ్ళీ డ్రమ్ముతో ఒకే దెబ్బ మీద పడుతుంది. అలా పడినప్పుడు మాకు ఒళ్ళు జల్లుమనేది. మా అమ్మ ఏసమ్మ మాత్రం మొదటిసారి విని, "మిక్సీలో రాయి పడినట్టుంది, చూడు పాపా" అంది.

తర్లుపాడు మొత్తానికి జెంట్ అభిమానులం ముగ్గురం. ఆదివారం మధ్యాహ్నం మా మిద్దె మీద నీళ్ళ ట్యాంకు నీడలో చేరి, ఒక పాటను సగం వేగానికి తగ్గించి, గిటారు ఎక్కడ జారుకుందో, డ్రమ్ము ఎక్కడ పట్టుకుందో వెతికేవాళ్ళం. నాకు ఎనిమిది తీగల గిటారు మీద మోజు. చేతిలో ఉన్నది చర్చి గిటారు, ఆరు తీగలది. ఆ మొద్దు చప్పుడు కోసం లావు తీగను ఎంత వదులు చేశానంటే, ఒకరోజు అమ్మ దాని మీద తడి తువ్వాలు ఆరేసింది. ఏడుకొండలుకు ఏ వాయిద్యమూ లేదు. మార్కాపురంలో పలకలు కోసే మిషను మీద పని, ఆ మిషనే వాడికి డ్రమ్ము. అది రాయిని కోస్తుంటే వీడు పక్కన వేళ్ళతో ఏడు కొట్టేవాడు. మేస్త్రీ సుబ్బులు సాయంత్రం ఇంటికి పంపే ముందు వాడి వేళ్ళన్నీ ఉన్నాయో లేదో చూసుకుని పంపేవాడట.

వాళ్ళ నాయన నాగులుకు అరవై గొర్రెలున్నాయి. ఒక వేసవిలో పనికి సెలవిస్తే కొడుకును మందతో పంపాడు. వీడు మెడలో స్పీకరు తగిలించుకుని పోయి, సాయంత్రానికి యాభై తొమ్మిదితో తిరిగొచ్చాడు.

"ఇంగోటి యాడరా?" అన్నాడు నాగులు పెదనాయన.

"వస్తాది నాయనా. అది వేరే లెక్కలో నడుస్తుండాది. కలుస్తాది."

ఆ గొర్రె నిజంగానే నాలుగో రోజు పెద్దారవీడు వాళ్ళ మందలో దొరికింది. దాంతో వాడికి తన లెక్క మీద నమ్మకం ముదిరిపోయింది. నాగులు పెదనాయన మాత్రం వాణ్ణి మళ్ళీ మందకు పంపలేదు.

ఇదంతా మిద్దె మీద నవ్వుకోవడానికి బాగుంటుంది, చర్చిలో బాగుండదు. మా చర్చిలో గిటారు వాయించేది నేను. ఏడుకొండలు వాళ్ళ ఇంట్లో దేవుళ్ళు వేరు. అయినా ప్రతి ఆదివారం పాటల కోసమని వచ్చి, వెనక చెప్పుల దగ్గర చాప మీద కూర్చుని, ప్రసంగం మొదలయ్యే ముందు మర్యాదగా లేచిపోతాడు. ఉన్నంతసేపూ చప్పట్లు ఒద్దికగానే కొడతాడు. ఎక్కడో ఒకచోట, చరణం అయిపోయి పల్లవి ఎత్తుకునే వేళకు, టపాటపామని అడ్డదిడ్డంగా అందుకుంటాడు. సంఘమంతా తలలు వెనక్కి తిప్పుతుంది. సంఘ పెద్ద పౌలు తాత చేతికర్ర నేలకు తాటించి, "ఒరే కొండలూ, కొట్టను రాకపోతే చేతులు కట్టుకోరా" అంటాడు.

వాడు పళ్ళన్నీ బయటపెట్టి, "ఏడు పూనింది తాతా" అంటాడు.

నాకు సిగ్గుతో తల వాలిపోయేది. వాణ్ణి ఈ పిచ్చిలోకి దించింది మేమేనని ఊరందరికీ తెలుసు. "మీ జెంటుగాడు" అనేవాళ్ళు నాతో. పాట చెడితే వాడి వల్ల, వాడు చెడింది మా వల్ల. చర్చి అయ్యాక బయట నలుగురిలో వాడు "అన్నా" అని పిలిస్తే వినపడనట్టు గిటారు సంచి జిప్పుతో కుస్తీ పట్టిన రోజులున్నాయి. ఆ జిప్పు ఎప్పుడో ఊడిపోయిందన్న సంగతి వాడికీ తెలుసు.

ఇంతలో గిద్దలూరు నుంచి నాకు సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు రెబెకా, నర్సు. వాళ్ళ నాయన దేవసహాయం మాస్టారు అక్కడి చర్చిలో ముప్పై ఏళ్ళుగా కోయరు, అదే పాటల బృందం, నడుపుతున్నాడు. మేము చూడబోతే కాఫీలు ఇచ్చి ఒక్కటే మాటన్నాడు.

"నాకు ఆస్తుల్తో పన్లేదు. పిల్లోడు తాళం తప్పకపోతే సాలు. వచ్చే ఆదివారం మా కాడ కోత పండగ. వచ్చి మూడు పాటలు వాయించమనండి. ఆపైన మాట్లాడుకుందాం."

గ్లాసులు తీసుకుపోతూ రెబెకా నన్నొకసారి చూసి నవ్వింది. ఆ నవ్వుకు నేను మూడు కాదు, ముప్పై పాటలు వాయించడానికి సిద్ధపడ్డాను.

మేము తర్లుపాడులో బస్సు దిగేసరికి ఏడుకొండలు అక్కడే కాచుకుని ఉన్నాడు. సంగతంతా విని ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"నేనూ వస్తానన్నా. తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇచ్చినా. పండగ ఎప్పుడు?"

ముందు వరసలో మాస్టారు, వెనక చాప మీద వీడు, మధ్యలో టపాటపా. అదంతా నా కళ్ళ ముందు కదిలింది.

"ఇంకా పదిహేను రోజులుందిరా" అన్నాను. ఆ అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పక్కనున్న ఫెబీ నా వైపొకసారి చూసి, అమ్మ చేతిలో సంచి అందుకుని ముందు నడిచింది.

గిద్దలూరులో మొదటి రెండు పాటలూ గట్టెక్కాయి. మూడో పాటలో చరణం అయిపోయి పల్లవి ఎత్తుకునే వేళ నేను ఒక దెబ్బ మింగేశాను. కోయరు ఒకచోట, నేను ఒకచోట. అలవాటు కొద్దీ నా చెవులు వెనక నుంచి రావలసిన టపాటపా కోసం చూశాయి. అది రాలేదు. సంఘమంతా తలలు తిప్పింది, ఈసారి నా వైపు. మాస్టారు కళ్ళద్దాలు తీసి, మచ్చ లేని అద్దాలను చాలాసేపు తుడిచాడు. "కబురు చేస్తాంలే నాయనా" అని మమ్మల్ని సాగనంపాడు.

తిరుగు బస్సులో అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి, నిజంగానే అర్థం కాక అడిగింది.

"కొండలు రాల్యా గదరా. మరి తప్పెవురిది?"

ఫెబీ ఫోను తీసి, ఇయర్‌ఫోను ఒకటి నా చెవిలో పెట్టింది. మా చర్చి పాటలన్నీ ఆమె రికార్డు చేసి పెట్టుకునేది. మిద్దె మీద జెంట్ పాటలు విన్నట్టే, వాటిని సగం వేగానికి తగ్గించి వినిపించింది. పోయిన క్రిస్మస్ పాట. చరణం అయిపోతుంది, నా గిటారు ఒక దెబ్బ మింగుతుంది, ఆ తర్వాత ఏడుకొండలు చప్పట్లు. ఈస్టరు పాట. ముందు నా తప్పు, తర్వాత వాడి చప్పట్లు.

"పదకొండు పాటలు చూసినా. ఒక్కదాంట్లో గూడా కొండలన్న ముందు తప్పల్యా" అంది ఫెబీ.

"నీకెప్పుడు తెలిసింది?"

"క్రిస్మస్ అప్పుడే. ఆయనే చెప్పొద్దన్నాడు."

నేను జారిన చోట వాడు గట్టిగా కొట్టి, అందరి కళ్ళూ తన మీదికి లాక్కుని, ఆ గోలలో నన్ను మళ్ళీ మొదటి దెబ్బ మీదికి తెచ్చి వదిలేవాడు. నాలుగేళ్ళుగా పౌలు తాత తిట్టింది నన్ను, తిట్లు తిన్నది వాడు. అలాంటివాడికి నేను పండగ తేదీ కూడా సరిగ్గా చెప్పలేదు. కంభం దాటిపోయినా నేను తల ఎత్తలేదు.

మర్నాడు మార్కాపురం పోయి, పలకల ఫ్యాక్టరీలో మిషను పక్కన వాణ్ణి పట్టుకున్నాను. కనుబొమల దాకా రాతి పొడి.

"ఒరే, పండగ నిన్ననే అయిపోయింది."

"తెలుసన్నా. మీరు బస్సెక్కేది చూసినా."

"మన బస్టాండులో ఉన్నావా?"

"ఈడికి, మార్కాపురానికి, వచ్చి ఫొటో దిగుదామని తెల్ల చొక్కా ఏసుకొని బస్టాండుకు వచ్చినా. నేను కనపడితే నువ్వు ఇబ్బంది పడతావని టీ బంకు యెనక్కి పోయినా. ఆడ ఎవురో టీ వొలకబోసినారు, చొక్కా పోయింది."

ఆ ఫ్యాక్టరీలో నేల కూడా పలక రాయే కాబట్టి నన్ను మింగడానికి అది చీలలేదు. "ఇన్నేళ్ళు ఎందుకురా తిట్లు తిన్నావు?" అన్నాను.

"నువ్వు తప్పితే గిటారు ఇంగొకరికి ఇస్తారు. నేను తప్పితే, కొండలే గదా అంటారు. నాకు పోయేదేముండాది?"

"మరి నీ ఏడు పిచ్చి కూడా నా కోసమేనా?"

"అది నిజం పిచ్చేలే అన్నా" అని మిషను రేకు మీద ఏడు కొట్టాడు.

ఆ ఆదివారం వాణ్ణి నేనే పిలుచుకుపోయాను. చర్చిలో ముందు కుర్చీలో దేవసహాయం మాస్టారు కూర్చుని ఉన్నాడు. కాదనే మాట ఫోన్లో చెప్పడం మర్యాద కాదని గిద్దలూరు నుంచి స్వయంగా వచ్చాడు. ఆయన్ను చూడగానే నేను లావు తీగను ఇంకోసారి బిగించుకున్నాను. చరణం అయిపోయింది, పల్లవి వచ్చింది, నేను యథాప్రకారం ఒక దెబ్బ మింగాను. వెనక టపాటపా మొదలైంది. తలలు వెనక్కి తిరిగాయి. పౌలు తాత కర్ర తాటించాడు.

"ఒరే కొండలూ..."

నేను గిటారు ఆపి మైకులో అన్నాను. "తాతా, తప్పింది వాడు కాదు, నేను. నాలుగేళ్ళ నుంచీ నేనే."

వెనక నుంచి వాడు లేచాడు. "లేదు తాతా, నేనే. అన్న మొగమాటానికి చెప్తుండాడు."

"నేనేరా."

"నువ్వు గాదన్నా, నేనే. సంఘమంతా యిన్నది గదా."

పాస్టరు అయ్యగారు బైబిలు తెరిచి పట్టుకుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఎవర్ని తిట్టాలో తేలక పౌలు తాత కర్ర గాల్లోనే నిలబడిపోయింది. చివరికి మాస్టారు లేచాడు.

"తప్పింది గిటారే. నేను ముప్పై ఏండ్లుగా తాళం చెప్తుండా, నాకు తెలవదా? ఆ పిల్లోడు ఎంత తప్పిందో అంతే కొట్టి గిటారును దారికి తెచ్చినాడు. అంత లెక్కగా తప్పేటోణ్ణి నేను ఇంతవరకూ చూడల్యా."

పాటలయ్యాక బయట వేపచెట్టు కింద నిలబడి ఆయన రెబెకాకు ఫోను చేశాడు. జరిగిందంతా చెప్పి, "ఇప్పుడేం చేద్దాం తల్లీ?" అన్నాడు. ఆ ఫోను స్పీకరు మీదే మాట్లాడుతుంది కాబట్టి ఆ అమ్మాయి మాట మా అందరికీ వినపడింది.

"ఆ చప్పట్లాయన్ని మన కోయరుకు అడుగు నాయనా. గిటారాయన్ని నాకొదిలెయ్. తాళం నేను నేర్పిస్తా."

అమ్మ అక్కడికక్కడే కొంగుతో కళ్ళు తుడుచుకుని పెళ్ళి ప్రధానం ఎప్పుడు పెట్టుకుందామంది. ప్రసంగం ఆలస్యమవుతోందని విసుక్కుంటూనే అయ్యగారు డైరీ తిప్పాడు. ఆ నెలలో ఖాళీగా ఉన్నది ఒక్క రోజే, ఇరవై ఎనిమిది.

అందరం ఏడుకొండలు వైపు తిరిగాం. వాడు తన చెప్పులు వెతుక్కుంటూ, నాకేం సంబంధం లేదన్నట్టు నవ్వుతున్నాడు.

పౌలు తాతకు ఆ సంతోషంలో ఏం పూనిందో, కర్రతో అరుగు మీద తనూ ఏడు కొట్టబోయాడు. ఐదో దెబ్బ దగ్గర తప్పాడు.

మరుక్షణం ఏడుకొండలు టపాటపా అడ్డదిడ్డంగా చప్పట్లు కొట్టాడు. సంఘమంతా వాడి వైపే చూసింది.