తోమిన గిన్నెల సుంకం

మగ్దలీనమ్మ చేతులు చూసి ఆమెను కుట్టుపని మనిషి అని ఎవరూ అనుకునేవారు కాదు. ఆ వేళ్లు ఇటుక పొడితో, బూడిదతో అరిగిపోయినవి. తెనాలిలో ఉన్నప్పుడు ఆమె పొయ్యి మీంచి దించిన గిన్నెను చల్లారకముందే తోమేసేదట. అన్నం వేడిగా తినాలంటే ఆమెతో పరుగుపందెం పెట్టుకోవాలని భర్త సత్యరాజు చర్చి సంఘంలో చెప్పి నలుగురినీ నవ్వించేవాడు. ఆమె దాన్ని పొగడ్తగానే తీసుకునేది.

అయితే ఆమెను అమీర్‌పేటకు రప్పించింది కుట్టుపనే. పంజాగుట్టలో ఒక నవాబు గారి దేవిడి ఉండేది. ఆ పెద్దింటి ఆడవాళ్లకు బట్టలు కుట్టడానికి సొంత మిషను ఉన్న మనిషి కావాలని ఒక పాదిరి గారి భార్య ద్వారా కబురు వచ్చింది. అప్పట్లో తెనాలి నుంచి హైదరాబాదు వెళ్లడమంటే రాజ్యం దాటి వెళ్లడమే. ఇక్కడ ఇంగ్లీషు వాళ్ల ఏలుబడి, అక్కడ నిజాం ఏలుబడి. రూపాయి వేరు, తపాలా బిళ్ల వేరు. పరాయి వాళ్లు అక్కడ కొలువు చెయ్యాలంటే పిలిపించుకున్న వాళ్లు పూచీ పడాలి. దేవిడి వాళ్లు పూచీ పడ్డారు. సత్యరాజుకు అప్పటికి తెనాలిలో పనేమీ లేదు కాబట్టి, ఊరు మారితే ఆయనకు పోయేదేమీ లేకపోయింది. ఉద్యోగం ఆమెది, సలహాలు ఆయనవి.

"సరిహద్దు దాటాక సామాన్లు విప్పి చూస్తారంట. కొత్తవైతే కరోడ్‌గిరి అని సుంకం వేస్తారు. వాడిన ఇంటి సామానుకి ఏమీ ఉండదంట," అన్నాడు సత్యరాజు. "మనకేం భయం? మనింట్లో కొత్తదంటూ ఏముంది, నీ నోరు తప్ప?"

ఆ మాటకు ఆమె నొచ్చుకోలేదు. ఆమె మనసులో వేరే బెంగ ఉంది. పరాయి రాజ్యంలో, ముక్కూ మొహం తెలియని సంఘం మధ్య, మసి గిన్నెలతో బండి దిగితే ఏమనుకుంటారు? అందుకని కంచరిని పిలిచి సొట్టలు తీయించింది. కళాయి సాయిబును అరుగు మీద కూర్చోబెట్టి గిన్నెలన్నిటికీ కళాయి పూయించింది. బయట వైపు చింతపండుతో తనే తోమింది. ట్రంకు పెట్టెకు రంగు వేయించింది. చివరికి తల్లి ఇచ్చిన కుట్టు మిషను మిగిలింది. దాని చెక్క మీద ఇస్త్రీ పెట్టె ఆనవాలు నల్లగా కాలి ఉండేది. క్రిస్మస్ ముందర రాత్రీ పగలూ చొక్కాలు కుడుతూ తల్లి ఒక్క క్షణం కునుకు తీస్తే పడిన మచ్చ అది. బతికినన్నాళ్లూ ఆ మహాతల్లి దాని మీద గుడ్డ కప్పి ఉంచింది. మగ్దలీనమ్మ వడ్రంగి చేత ఆ మచ్చను గీకించి, లప్పం పెట్టించి, పైన నిగనిగలాడే పాలిష్ పట్టించింది. ఇనుప భాగాలకు నల్ల రంగు, దాని మీద బంగారు తీగ.

"పెళ్లికూతురిలా ఉంది," అన్నాడు సత్యరాజు.

ఆ పెళ్లికూతురు బేగంపేట స్టేషన్‌లో దిగింది.

సుంకం మున్షీ సన్నని గడ్డం, ఇస్త్రీ షేర్వానీతో ఉన్న మనిషి. గోనెపట్టాలు విప్పించాడు. పొద్దుటి ఎండ గిన్నెల మీద పడి ఆయన కళ్లలోకి కొట్టింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని ఉర్దూలో ఏదో అన్నాడు. పక్కన నిలబడ్డ జవాను రాజనర్సయ్య దాన్ని తెలుగులో చెప్పాడు. అతనిది అమీర్‌పేటే, పొలం పనులు వదిలి ఈ కొలువులో చేరినవాడు.

"అమ్మా, గివన్నీ ఏ దుకాన్ల కొన్నరని అడుగుతుండు సాబ్."

"కొనడమేంటండీ? మా అత్తగారి నాటివి. ఆ గుండిగైతే మా పెళ్లికి ముందుది."

రాజనర్సయ్య చెప్పాడు. మున్షీ గుండిగలోకి తొంగిచూశాడు. లోపల ఆయన మొహం, గడ్డంతో సహా, స్పష్టంగా కనిపించింది. తల అడ్డంగా ఆడించాడు.

"ఇంత మెరిసేది పాతదెట్లయితదని అంటుండు. ఇరవై ఏండ్ల సంది గీ పని చేస్తున్నడట. పాత గిన్నె ఎట్లుంటదో సాబ్‌కు ఎరకేనట."

మగ్దలీనమ్మకు ఒక్కసారిగా రెండు రకాలుగా అనిపించింది. దొంగ అన్నట్టు మాట్లాడినందుకు మండింది. తన ఇంటి గిన్నెలను ఒక సర్కారు ఉద్యోగి ఊరూరి జనం ముందు కొత్తవని తేల్చినందుకు, లోపలెక్కడో, ఆనందమూ కలిగింది. ఆ ఆనందాన్ని దాచుకోవడానికి ఆమె పమిట సర్దుకుంది.

సత్యరాజు ముందుకొచ్చాడు. "అయ్యా, మా ఆవిడకి తోమే జబ్బు ఉందండీ. అదే కారణం."

"జబ్బుకు మాఫీ లేదంటుండు," అన్నాడు రాజనర్సయ్య. "మిషను సుత కొత్తదేనట. సుంకం కట్టి తీస్కపోండ్రి. లేకుంటే గోదాములనే ఉంటది."

సుంకం కట్టే స్తోమత వాళ్లకు లేదు. మర్నాడు పొద్దున్నే మిషనుతో దేవిడిలో హాజరు కావాలి. మిషను లేని కుట్టుపని మనిషి దేవిడికి అక్కర్లేదు. దేవిడి వద్దన్న మనిషికి ఈ రాజ్యంలో చోటు లేదు. సత్యరాజు బెంచీ మీద కూలబడ్డాడు. తిరుగు బండి ఎప్పుడో ఎవరినో అడిగాడు.

మగ్దలీనమ్మ కాసేపు నిలబడి చూసింది. తర్వాత కొళాయి దగ్గరికి వెళ్లి, గోడ పక్కన పడివున్న ఇటుక ముక్క ఒకటి తీసుకుంది. కొంగు నడుముకు దోపుకుని ప్లాట్‌ఫారం మీదే కూర్చుంది. గుండిగను ఒళ్లోకి లాక్కుని తోమడం మొదలుపెట్టింది. బతుకంతా మెరుపు తేవడానికి తోమింది. మెరుపు పోయేదాకా తోమడం ఆవేళే మొదలు. కళాయి పొరలు పొరలుగా లేచింది. అడుగున రెండు పాత అతుకులు బయటపడ్డాయి. ఒకటి అత్తగారి కాలంనాటిది, ఒకటి తనే వేయించింది. గుండిగ పక్కన పెట్టి బిందె అందుకుంది.

జనం గుమిగూడారు. "పరదేశం నుంచి వచ్చి స్టేషన్ల అంట్లు తోముతుందేంది గీ అమ్మ," అన్నారెవరో.

ఆఖర్న మిషను. బంగారు తీగను గీకింది. చెక్క దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. తల్లి నలుగురి కంటా పడకుండా కాపాడుకున్న మచ్చ. ఆమె మున్షీ వైపు చూసింది. ఆయన చూస్తూనే ఉన్నాడు. ఇటుక ముక్క కొనతో లప్పం పెళ్లగించింది. కింద ఇస్త్రీ పెట్టె ఆనవాలు, మూడు మూలలతో, నల్లగా పైకి వచ్చింది.

మున్షీ వంగి దాన్ని వేలితో తడిమాడు. ఏదో నెమ్మదిగా అన్నాడు.

"సాబ్ వాళ్ల అమ్మ మిషను మీద సుత గిట్లాంటిదే ఉండెనట," అన్నాడు రాజనర్సయ్య. "పాతదే అంటుండు. తీస్కపోండ్రి అమ్మా."

అలా మగ్దలీనమ్మ సుంకం లేకుండా నిజాం రాజ్యంలోకి వచ్చింది. మర్నాడు దేవిడిలో బేగం గారి పెద్ద దాసి ఆ మిషను చుట్టూ ఒకసారి తిరిగి, ముక్కు మీద వేలేసుకుంది. ఇంత గీకుళ్లు పడ్డ మిషను మీద బేగం గారి పట్టుబట్టలు కుట్టడమా? పని ఇచ్చారు, కానీ కిటికీ తెరలు, దిండు గలీబులు, గుర్రపువాళ్ల పైజామాలు ఇచ్చారు. మెరుగు ఉండగా వస్తే పట్టు దొరికేది. మెరుగు ఉండగా రానిచ్చేవాళ్లు కారు.

అమీర్‌పేటలో వాళ్లకు అద్దె ఇల్లు చూపించింది రాజనర్సయ్యే. అతని ఇంటి గోడకు గోడ. అతని భార్య భూలక్ష్మి మొదటిరోజే గిన్నెలు చూసి జాలిపడింది.

"అక్కా, మీ దిక్కు గిన్నెలు గిట్ల గీకుతరా?"

"మా దిక్కు కాదు, మీ దిక్కే. మీ ఆయన దగ్గరుండి గీకించాడు."

"మా ఆయన ఇంట్ల గ్లాసు సుత కడగడు. గాడ మాత్రం దగ్గరుండి తోమించిండా?" అని భూలక్ష్మి నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది.

ఏళ్లు గడిచాయి. గుంటూరు, బెజవాడ వైపు నుంచి కొలువుల కోసం వచ్చే వాళ్లు పెరిగారు. కాంపౌండర్లు, డ్రైవర్లు, పంతులమ్మలు. రాబోయే ప్రతివాడికీ సంఘంలో ఎవరో ఒకరు మగ్దలీనమ్మ పేరు చెప్పేవారు. ఆమె సలహా ఒక్కటే: "కడక్కండి. ఉన్నది ఉన్నట్టు మసితో తెండి." ఆ మాట అంటున్నప్పుడు ఆమె నోరు చేదయ్యేది. అయినా అనేది. దాన్ని ఊరంతా చాటే పని సత్యరాజు తీసుకున్నాడు. ఆయనకు హైదరాబాదులో దొరికిన స్థిరమైన పని అదే. "మసే మన పాసు," అనేవాడు.

యుద్ధం రోజుల్లో సనత్‌నగర్ వైపు కొత్త కార్ఖానాలు లేస్తున్నప్పుడు ఆమె చెల్లెలు తబితా మొగుడికి అక్కడ పని దొరికింది. తబితా అక్క మాట జవదాటని మనిషి. నెల రోజులు ఏ గిన్నే కడిగినట్టు కడగలేదు. పైగా తల్లి పెద్ద గుండిగకు, సంఘం విందుల్లో వాడేదానికి, కిరసనాయిలు దీపం మసి కూడా పట్టించింది.

ఒకరోజు మధ్యాహ్నం రాజనర్సయ్య ఉరుకుతూ వచ్చాడు. "అక్కా, జర స్టేషన్‌కు రా. మీ చెల్లె సామాను ఆపిండ్రు."

"ఎందుకు? మసి పట్టించలేదా?"

"పట్టించింది. గదే పరేషాన్."

స్టేషన్‌లో అదే మున్షీ. గడ్డం తెల్లబడింది. తబితా గోనెల మధ్య ఏడుపు మొహంతో కూర్చుంది. సంగతేమిటంటే, పోయిన నెల ఎవడో దుకాణంలో కొన్న కొత్త ఇత్తడి సామానుకు మసి పూసి తెచ్చాడు. అప్పటినుంచి తెనాలి వైపు నుంచి వచ్చే బండి దిగిన నల్ల గిన్నె ప్రతిదాన్నీ మున్షీ పక్కన పెట్టిస్తున్నాడు. మసి కింద కొత్తది ఉందని ఆయన నమ్మకం.

ఆయన మగ్దలీనమ్మను గుర్తుపట్టాడు. ఇన్నేళ్లలో నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకున్నాడు. "అమ్మా, ఆ రోజు తోమితే కొత్త. ఈ రోజు తోమకపోతే కొత్త. మీ ముల్కులో పాత గిన్నె లేదా?"

"ఉందండీ. మీరు దాన్ని పాతదిగా ఉండనిచ్చేటట్టు లేరు."

"తోమి చూపించు."

ఆమె కొళాయి దగ్గర కూర్చుంది. ఈసారి ఇటుక ముక్క కోసం వెతుక్కోలేదు. ఇంటినుంచి కొబ్బరి పీచు, చింతపండు, బూడిద కొంగున కట్టుకునే వచ్చింది. మసి నల్లటి ధారగా కారింది. కింద నుంచి రాగి ఎర్రగా లేచింది. తల్లి ఎంత జాగ్రత్తగా వాడిందో, ఆ గుండిగకు ఒక్క సొట్ట లేదు. అడుగున అతుకు లేదు. ఇన్నేళ్ల గీకిన గిన్నెల తర్వాత, మసి సలహాల తర్వాత, తన చేతి కింద మళ్లీ ఒక మెరుపు. అంచు మీదికి ఎండ పాకింది.

మున్షీ తొంగిచూశాడు. మొహం కనిపించింది, తెల్లగడ్డంతో సహా. "ఇది కొత్తది," అన్నాడు.

తబితా అక్క మోచెయ్యి పట్టుకుంది. "ఇటుక ముక్క తేనా అక్కా? ఇంకాస్త గట్టిగా తోమితే..."

రాజనర్సయ్య అప్పటికే ఒక ముక్క తెచ్చి పక్కన పెట్టాడు. మగ్దలీనమ్మ దాని వైపు చూసింది. గుండిగ వైపు చూసింది. మిషను చెక్క మీద తల్లి మచ్చను ఈ ప్లాట్‌ఫారం మీదే నలుగురి ముందూ బయటపెట్టిన సంగతి గుర్తొచ్చింది. ఇటుక ముక్కను కాలితో పక్కకు నెట్టింది.

"కొత్తదనే రాసుకోండి. సుంకం నేను కడతాను."

మున్షీ ఆమె వైపు చూశాడు. "పాతది అని చెప్పవా?"

"చెప్పాను, ఆ రోజు. చాలు."

దిండు గలీబులు కుట్టి దాచుకున్న డబ్బులో చాలాభాగం ఆవేళ స్టేషన్‌లోనే ఖర్చయింది. సత్యరాజుకు తెలిసి, మసి పట్టించి మరీ సుంకం కట్టిన మనుషులు లోకంలో మనమే అని నెత్తి కొట్టుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు జట్కాలో మిగతా సామాను గోనెల్లో ఉంది. గుండిగ మాత్రం మగ్దలీనమ్మ ఒళ్లో ఉంది, గుడ్డ కప్పకుండా.

గుమ్మం దగ్గర భూలక్ష్మి కళ్లు చికిలించింది. "మస్తు మెరుస్తుందక్కా. కొత్తదా?"

"పాతదే. మా అమ్మది," అంది మగ్దలీనమ్మ, జట్కా దిగుతూ. "సర్కారు వాళ్లు కొత్తదన్నారు. కాదనలేకపోయాను."